తగలబెట్టింది ఎవరో సరే, రాయించింది ఎవరు?

నన్నయకు ముందు తెలుగులో జైనుల పుస్తకాలు ఉండేవా, ఉంటే ఏమయ్యాయి అన్న చర్చ మన సాహిత్య చరిత్రలో వందేళ్లుగా నడుస్తోంది. ఉండేవనీ, మతద్వేషంతో వాటిని తగలబెట్టారనీ, ఏటిపాలు చేశారనీ ఒక పక్షం. అసలు లేనేలేవనీ, ఉంటే ఒక్క కట్టయినా దొరక్కపోతుందా అనీ ఇంకో పక్షం. రెండు పక్షాల్లోనూ పండితులున్నారు. ఈ చర్చను నేను విద్యార్థినిగా చదువుకున్నాను, తర్వాత తెలుగు లెక్చరర్‌గా చాలా ఏళ్లు పాఠం చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఏదో వెలితిగా అన్పించేది. రెండు పక్షాలూ పుస్తకం రాసినవాడి గురించీ, నాశనం చేసినవాడి గురించీ మాట్లాడతాయి. ఆ ఇద్దరి మధ్యా పుస్తకాన్ని బతికించినవాళ్లు ఒకరుంటారు గదా, వాళ్ల ఊసే ఎత్తరు.

తాటాకు పుస్తకాన్ని దగ్గరగా చూసినవాళ్లకి ఈ వెలితి అర్థమవుతుంది. ఆకు కోసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, నునుపు చేసి గంటంతో గీస్తారు. గీసిన అక్షరం కంటికి ఆనడానికి దీపపు మసో, ఆకు పసరో పూస్తారు. బెజ్జం వేసి, దారం గుచ్చి, కిందా పైనా చెక్క పలకలు పెట్టి, బట్టలో చుట్టి కడతారు. కట్టిపెట్టాక పని అయిపోలేదు. అప్పుడప్పుడూ విప్పి నీడపట్టున ఆరబెట్టాలి, దుమ్ము తుడవాలి, పురుగు పట్టకుండా వేపాకో వసకొమ్మో పెట్టాలి, ఆకు పెళుసెక్కకుండా నూనె రాయాలి. ఇంత చేసినా మన ఎండలకీ వానలకీ చెదలకీ తట్టుకుని రెండు మూడొందల ఏళ్లు నిలిస్తే గొప్ప. అంటే పదో శతాబ్దిలో పుట్టిన పుస్తకం ఇవాళ మన చేతిలో ఉందంటే, ఈ మధ్యకాలంలో కనీసం మూడు నాలుగు సార్లు ఎవరో కూచుని దాన్ని మొదటి అక్షరం నుంచీ మళ్లీ రాశారన్నమాట. లేదా డబ్బిచ్చి, అన్నం పెట్టి రాయించారన్నమాట. ఆ మూడు నాలుగు సార్లలో ఒక్కసారి ఎవరూ పట్టించుకోకపోతే చాలు, ఆ పుస్తకం ఇంక లేదు. దానికి మంట పెట్టేవాడు అక్కర్లేదు.

అలాగని దాడులు జరగలేదని నేననడం లేదు. జైనుల్ని ఓడించి హింసించిన కథల్ని శైవ గ్రంథాలే గొప్పగా చెప్పుకున్నాయి. ఆ హింసను తక్కువ చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. కాకపోతే ఒక్క మంట కథతో మొత్తం నష్టానికి జవాబు చెప్పేసుకుంటే, పుస్తకాన్ని నిలబెట్టే రోజువారీ చాకిరీ మనకు కనపడకుండా పోతుంది. ఆ చాకిరీ ఎవరు చేశారు, దానికి ఎవరు ఖర్చు పెట్టారు అని అడిగితే చరిత్ర వేరే దారిలోకి తిరుగుతుంది. ఆ దారిలో ఆడవాళ్లు ఎదురవుతారు.

నేనుండేది సత్తెనపల్లిలో. చుట్టూ పత్తి, మిరప. ఇక్కడ జైనుల గురించి మాట్లాడితే, గుంటూరులో బట్టల వ్యాపారం చేసే మార్వాడీల సంగతా అని అడుగుతారు. నిజానికి ఈ నేలకి జైనం చాలా పాతది. కృష్ణ ఒడ్డున అమరావతికి దగ్గర్లోని వడ్డమానులో 1980లలో తవ్వితే జైన స్తూపాల, విహారాల అవశేషాలు బైటపడ్డాయి. ఒకప్పటి సత్తెనపల్లి తాలూకాలోని మునుగోడు శాసనాల్లో పృథివీతిలక బసది అనే జైన ఆలయం ప్రస్తావన ఉంది. అవి వెలనాటి చోళుల కాలం నాటివి, అంటే నన్నయ తర్వాతి శతాబ్దివి. మెకంజీ సేకరింపజేసిన గ్రామ కైఫియత్తుల్లో కూడా, ఫలానా ఊరు పూర్వం జైనులదని చెప్పే కథలు మాటిమాటికీ వస్తాయి. రాళ్లు మిగిలాయి, ఊళ్లవాళ్ల జ్ఞాపకం మిగిలింది. ఆకులు మిగల్లేదు.

ఆకులు లేవు కాబట్టి చదువే లేదనడానికి వీల్లేదు. కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద జినవల్లభుడు వేయించిన శాసనంలో సంస్కృతం, కన్నడంతో పాటు తెలుగు కంద పద్యాలున్నాయి. అది పదో శతాబ్ది మధ్యకాలం నాటిది. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపడి తమ్ముడు. వాళ్ల పూర్వీకులది వేంగిలోని వంగిపఱ్ఱు. అది నేటి గుంటూరు జిల్లా వంగిపురమేనని పరిశోధకులు గుర్తించారు. కంద పద్యం అంత నున్నగా గుట్ట మీదికెక్కిందంటే, అంతకుముందు ఆకు మీద ఎంతో సాధన జరిగి ఉండాలి. ఆ శాసనాన్ని మనం తెలుగు ప్రాచీనతకు సాక్ష్యంగా ఎన్నో సభల్లో చూపించుకున్నాం. అందులోనే జినవల్లభుడు తన తల్లి అబ్బణబ్బె పేరు కూడా చెక్కించాడన్న సంగతి ఆ సభల్లో ఎవరైనా ఎత్తగా నేను వినలేదు.

ఇక అసలు మనిషి దగ్గరికొస్తాను. ఆమె పేరు అత్తిమబ్బె. కన్నడ పాఠకులకి కొత్తగా చెప్పనక్కర్లేదు. ‘దానచింతామణి’ అన్న బిరుదుతో ఆమె అక్కడి చరిత్ర పుస్తకాల్లో ఉంది, కర్ణాటక ప్రభుత్వం ఆమె పేరు మీద ఒక పురస్కారం కూడా పెట్టింది. తెలుగువాళ్లకి చెప్పాల్సిన మాట వేరే ఉంది. ఆమె పుట్టింటివాళ్లు వేంగి మండలంలోని కమ్మనాడువాళ్లు. కమ్మనాడు అనగానే ఇవాళ కులం గుర్తొస్తుంది. నేను చెప్పేది నేల పేరు. గుండ్లకమ్మ నది పరిసరాల్లో, ఇప్పటి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పరుచుకుని ఉన్న నేలకి శాసనాల్లో ఉన్న పేరది. ఆ నాటిలోని పుంగనూరు అనే ఊరివాడు నాగమయ్య. ఆయన కొడుకులు మల్లపయ్య, పున్నమయ్య. తమ గురువు జినచంద్రదేవుడు చనిపోతే ఆయన స్మృతిలో ఈ అన్నదమ్ములు పొన్న కవి చేత శాంతిపురాణం రాయించారు. ఆ మల్లపయ్య కూతురే అత్తిమబ్బె.

అత్తిమబ్బెనీ, ఆమె చెల్లెలు గుండమబ్బెనీ ఒకే మనిషికిచ్చి పెళ్లి చేశారు. అతను చాళుక్య తైలపుడి దగ్గర పనిచేసిన నాగదేవుడు. నాగదేవుడు చనిపోయినప్పుడు గుండమబ్బె అతనితో పాటు చితి ఎక్కింది. అత్తిమబ్బె కొడుకుని పెంచుకుంటూ బతికింది. బతికిన ఆ కాలంలో తన తండ్రీ పినతండ్రీ రాయించిన శాంతిపురాణాన్ని సొంత ఖర్చుతో వెయ్యి ప్రతులు రాయించి పంచింది. రన్న కవి చేత అజితపురాణం చెప్పించింది; అది 993లో పూర్తయింది. రన్నడు గాజులమ్ముకునే ఇంటి పిల్లవాడు. లక్కుండిలో ఆమె కట్టించిన బసది ఇప్పటికీ ఉంది, అక్కడి 1007 నాటి శాసనం ఆమెను కీర్తిస్తుంది.

వెయ్యి ప్రతులు! అచ్చుయంత్రం లేని రోజుల్లో ఆ మాటకి అర్థం ఏమిటో ఒకసారి లెక్కవేసుకుందాం. ఎన్ని వేల ఆకులు కోయాలి, ఎంతమంది ఉడకబెట్టాలి, ఎన్ని నెలలు ఎంతమంది రాయసగాళ్లని కూచోబెట్టి తిండి పెట్టాలి, తప్పుల్లేకుండా ఎవరు సరిచూడాలి, ఎవరెవరికి ఇవ్వాలో ఎవరు నిర్ణయించాలి? ఇదంతా చేసినామెని సాహిత్య చరిత్రలు ‘దానశీల’ అన్న ఒక్క మాటతో సరిపెడతాయి. ఇవాళ ఎవరైనా ఒక పాత పుస్తకాన్ని ఎంచుకుని, పరిష్కరింపజేసి, వెయ్యి కాపీలు వేసి, చేరాల్సినవాళ్లకి చేరిస్తే వాళ్లని ప్రచురణకర్త అంటాం, సంపాదకులంటాం. ఆడమనిషి చేస్తే దానం ఎందుకవుతుంది? ఆమె పూజ కోసం చేసిందనే అనుకుందాం. పొన్న కూడా భక్తితోనే రాశాడు. అతని భక్తి సాహిత్యమై, ఆమె భక్తి వట్టి పుణ్యకార్యంగా ఎందుకు మిగిలిపోయింది?

ఇంకో మాట కూడా ఉంది. ఏ పుస్తకాన్ని మళ్లీ రాయించాలో ఎంచుకోవడం విమర్శలో మొదటి పని. ఉన్న వందల పుస్తకాల్లో ఇది ఉండాలి, ఇది పోకూడదు అని ఒకరు తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవడంలో అభిరుచి ఉంది, అంచనా ఉంది, రాబోయే పాఠకుల గురించి ఆలోచన ఉంది. అత్తిమబ్బె తన కాలానికి కొన్ని దశాబ్దాల ముందటి పుస్తకాన్ని పట్టుకుంది. ఇంటి పుస్తకం కాబట్టి పట్టుకుందనొచ్చు. ఇంటి పుస్తకాన్ని వెయ్యి ఇళ్లకి పంపడం మాత్రం ఇంటి పని కాదు.

అయితే ఆమె చుట్టూ వెలుగు అల్లేసి చేతులు దులుపుకోవడం నాకిష్టం లేదు. అధికారంలో ఉన్న కుటుంబం ఆమెది, డబ్బుంది. ఆ ఆకులు కోసినవాళ్లకీ, ఉడకబెట్టినవాళ్లకీ, వేళ్లు వంకర్లు పోయేలా గంటం పట్టినవాళ్లకీ ఏ శాసనంలోనూ చోటు లేదు. గుండమబ్బె సంగతి కూడా మర్చిపోకూడదు. ఒకే తల్లి కూతుళ్లు, ఒకే మొగుడు, ఒకే చావు. ఒకామెకు చితి, ఒకామెకు పుస్తకం. రెండూ ఆ కాలపు కీర్తి లెక్కలో గొప్పలే. సహగమనాన్ని పొగిడిన సమాజమే పుస్తకదానాన్నీ పొగిడింది. ఆ సమాజంలో వితంతువు ఒకామె బతికి ఉండటాన్ని పుస్తకాలతో నింపుకుందంటే, దాన్ని భక్తిగా మాత్రమే చదవడం నావల్ల కాదు.

అత్తిమబ్బె ఒక్కతే అయితే గొప్పింటి మనిషి ముచ్చట అనుకోవచ్చు. కాని కన్నడ దేశంలో జైన మతగ్రంథాల చరిత్ర అంతా ఇలాంటి ఆడవాళ్లే. దిగంబర జైనులకి అన్నిటికన్నా పవిత్రమైన గ్రంథం షట్ఖండాగమం. దాని పుట్టుకలో మన ప్రాంతానికీ భాగముంది. గిరినార్‌లో ఉన్న ధరసేనాచార్యుడు తన తర్వాత ఆగమజ్ఞానం అంతరించిపోతుందని భయపడి దక్షిణాది మునులకి కబురు పంపాడనీ, వాళ్లు ఆంధ్ర విషయంలోని వేణ్ణా తీరం నుంచి ఇద్దరు మునుల్ని పంపారనీ ధవళ అనే వ్యాఖ్యానం చెప్తుంది. ఆ వేణ్ణ మన కృష్ణవేణ్ణేనని కొందరు పండితుల అభిప్రాయం. పుష్పదంతుడు, భూతబలి అనే ఆ ఇద్దరూ విన్నదాన్ని గ్రంథంగా కూర్చారు. అది పూర్తయిన జ్యేష్ఠ శుద్ధ పంచమిని జైనులు శ్రుతపంచమిగా జరుపుకుంటారు. ఆ రోజు పుస్తకాలకి పూజ చేస్తారు, కట్టలు విప్పి, దులిపి, కొత్త బట్టల్లో చుడతారు. పుస్తక సంరక్షణని పండగగా మార్చుకున్న తెలివి అది.

ఆ ధవళ వ్యాఖ్యానం తాటాకు ప్రతులు కర్ణాటకలోని మూడబిదిరెలో మాత్రమే నిలిచాయి. ఎలా నిలిచాయి? ధవళ ప్రతిని దేమియక్క అనే ఆమె శ్రుతపంచమి నోము ఉద్యాపనకి రాయించి, శుభచంద్ర సిద్ధాంతదేవుడికి సమర్పించింది. అది పన్నెండో శతాబ్ది తొలినాళ్ల మాట. మహాబంధం ప్రతిని మల్లికబ్బె అనే ఇంకో ఆమె ఇలాగే నోము చెల్లించుకుంటూ రాయించి మాఘనందికి ఇచ్చింది. నోము, ఉద్యాపన అన్న మాటలు మనవాళ్లకి బాగా తెలిసినవే. మన ఇళ్లలో ఉద్యాపనకి వాయనం ఇస్తే సెనగలు, పసుపు కుంకుమ, రవికెల గుడ్డ, చేటలు. వాళ్లు వాయనంగా ఒక మహాగ్రంథం ఇచ్చారు! ఆ ఇద్దరి నోములు లేకపోతే ఇవాళ పండితులు చదవడానికి ఆ ప్రతులు ఉండేవి కావు.

కథ అక్కడితో ఆగలేదు. ఆ ప్రతులు శతాబ్దాల పాటు దర్శనానికే తప్ప చదవడానికి దొరకలేదు. ఆకులు శిథిలమవుతుంటే 1896లో నకలు తియ్యడం మొదలుపెట్టారు. నకలు కూడా మూడబిదిరె దాటకూడదన్నది అక్కడివాళ్ల షరతు. నకలు రాసే పండితుల్లో ఒకరైన గజపతి ఉపాధ్యాయ రహస్యంగా మరో కన్నడ ప్రతి తయారుచేశాడు. అందులో ఆయనకు తోడు కూచున్నది ఆయన భార్య లక్ష్మీబాయి, చదువుకున్న మనిషి. ఆ దొంగ ప్రతే ఉత్తరాదిన సహరన్‌పూర్ చేరింది, దాన్నుంచి ఇంకా ప్రతులు పుట్టాయి. చివరికి 1939లో హీరాలాల్ జైన్ సంపాదకత్వంలో మొదటి సంపుటం అచ్చయింది. అచ్చయింది అమరావతిలోనే, కాకపోతే మన అమరావతి కాదు, విదర్భ అమరావతి. మొత్తం 16 సంపుటాలు. లక్ష్మీబాయి సాయాన్ని హీరాలాల్ జైన్ తన పీఠికలో రాయబట్టి మనకు తెలిసింది. రాయకపోతే ఆమె కూడా ‘ఆయన ఇంటావిడ’గా మిగిలేది.

ఇక్కడొక చేదు నిజం ఉంది. దిగంబర సిద్ధాంతం ప్రకారం స్త్రీకి ఈ జన్మలో మోక్షం లేదు. సర్వం వదిలి దిగంబరి కాలేదు కనుక, ఆమె మళ్లీ మగవాడిగా పుట్టాలి. తనకి తలుపు మూసేసిన మతగ్రంథాన్ని దేమియక్క డబ్బు పెట్టి రాయించింది, లక్ష్మీబాయి రాత్రింబవళ్లు రాయడానికి తోడ్పడింది. దీన్ని అమాయకత్వం అని తేల్చేయడం తేలిక. నాకలా అన్పించదు. పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నవాళ్లకి దానిమీద ఎంతో కొంత హక్కు వస్తుంది, అందులో తమ గురించి ఏమి రాసున్నా సరే. మన పురాణాలు, శతకాలు, నీతిశాస్త్రాలు మనల్ని తిట్టినా మనం చదవడం మానలేదు గదా. చదివాం కాబట్టే తిరిగి జవాబు చెప్పగలిగాం.

జైనంలోనూ జవాబు చెప్పినవాళ్లున్నారు. యాపనీయులు అనే శాఖ ఒకటుండేది. వాళ్ల మునులు దిగంబరుల్లాగే నగ్నంగా ఉండేవాళ్లు, కాని స్త్రీకి ఈ జన్మలోనే మోక్షం ఉందని వాదించారు. తొమ్మిదో శతాబ్దికి చెందిన శాకటాయనుడు స్త్రీ నిర్వాణ ప్రకరణం అని దానికోసమే ఒక చిన్న గ్రంథం రాశాడు. ఒంటిమీద బట్ట ఉండటం అడ్డంకి కాదు, మనసులో మమకారం ఉండటమే అడ్డంకి అన్నది అతని వాదంలో ముఖ్యమైన ముక్క. ఈ యాపనీయులు ఎక్కడుండేవాళ్లు? మన కమ్మనాట్లో ఉండేవాళ్లు! తూర్పు చాళుక్య రెండో అమ్మరాజు పదో శతాబ్దిలో ఇచ్చిన మలియపూండి శాసనం కమ్మనాటిలోని కటకాభరణ జినాలయానికి ఊరు దానమిస్తుంది. ఆ ఆలయం యాపనీయ సంఘపు ముని చేతుల్లో ఉంది. అంటే ఆడదానికి మోక్షం ఉందని చెప్పే గురువులు పదకొండు వందల ఏళ్ల కింద ఈ పొలాల మధ్య తిరిగారు, ఇక్కడి అన్నం తిన్నారు.

యాపనీయులు శాఖగా అంతరించిపోయారు. శాకటాయనుడి పుస్తకం మాత్రం పోలేదు. స్త్రీముక్తిని ఒప్పుకునే శ్వేతాంబరులు తమ వాదానికి పనికొస్తుందని దాన్ని తమ భండారాల్లో దాచుకున్నారు. ఆ ప్రతుల ఆధారంగా ముని జంబూవిజయ 1974లో దాన్ని అచ్చువేశారు. 1991లో పద్మనాభ్ ఎస్. జైని ఈ మొత్తం వాదోపవాదాల్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. మోక్షం నాకు అక్కర్లేదు. అయినా ఆ పుస్తకం చదువుతుంటే, ఆడదాని శరీరం లోపమా కాదా అని వెయ్యేళ్ల కింద మగవాళ్లు గీతలు గీసుకుని వాదించుకోవడం చూస్తుంటే, మనం ఇవాళ వినే మాటలు కొత్తవి కావని తెలుస్తుంది. ఆ వాదాన్ని నమ్మినవాళ్లు నివసించిన చోట దాని ప్రతి మిగల్లేదు. ఎవరికి అవసరమో వాళ్లు దాచారు. పుస్తకం మీద ప్రేమకన్నా పుస్తకంతో అవసరమే దాన్ని ఎక్కువ కాలం నిలబెడుతుందేమో.

తెలుగు నేల మీద జైనాన్ని పోషించిన ఆడవాళ్లు లేరా అంటే, బోలెడుమంది. కుబ్జ విష్ణువర్ధనుడి రాణి అయ్యణ మహాదేవి బెజవాడలోని నడుంబి వసతికి ముసినికొండ ఊరిచ్చింది. రెండో అమ్మరాజు కాలంలోనే చామెకాంబ అనే వేశ్య కలుచుంబర్రు ఊరిని ఒక జినాలయానికి ఇప్పించింది. అందులో నాకు నచ్చేది ఏమిటంటే, ఆ దానం అక్కడి భోజనశాల మరమ్మతుల కోసం. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీద 1117లో మైలమ కడలాలయ బసది కట్టించింది. భూమి ఇచ్చారు, అన్నం పెట్టారు, కప్పు వేయించారు. ఆ వసతుల్లో చదివినవాళ్లు, రాసినవాళ్లు ఈ ఆడవాళ్లు పెట్టిన తిండి తినే చదివారు, రాశారు. తర్వాత రెండు మూడు తరాల్లో పాలకుల ఇళ్లు శైవంలోకి వెళ్లాయి. ఆ ఇళ్ల ఆడవాళ్ల నోములు మారాయి, దానాలు మారాయి. ఆకు పెళుసెక్కే సమయానికి మళ్లీ రాయించే చెయ్యి లేకుండాపోయింది. తెలుగులో జైన పుస్తకం కనపడకపోవడానికి మంట ఎంత కారణమో, ఈ పోషణ ఆగిపోవడం అంతకన్నా ఎక్కువ కారణమని నా ఉద్దేశం.

నిలిచిన పుస్తకాలు ఎలా నిలిచాయో చూసినా ఇదే కనిపిస్తుంది. కమ్మనాటి పావులూరి మల్లన, జైనుడైన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహాన్ని తెలుగు చేశాడు. చేస్తూ అందులోని జైన ఛాయల్ని తీసేసి శైవం పూశాడు. కరణాలకి లెక్కలు కావాలి, భూమి కొలవాలి. అందుకని ఆ పుస్తకాన్ని తరతరాలుగా రాసుకున్నారు. జైన గణితం మతం మార్చుకుని బతికింది.

మా ప్రాంతంలో మిరప కల్లాల దగ్గర కాయలు ఏరేది, తాలు తీసేది ఆడవాళ్లు. నడుం వంచి రోజంతా పత్తి తీసేదీ వాళ్లే. గుంటూరు యార్డులో చీటీ మీద రాసే పేరు మాత్రం పట్టా ఎవరి పేరుమీద ఉంటే వాళ్లది. మన సాహిత్య చరిత్ర కూడా ఈ చీటీ లాంటిదే. రాతప్రతుల జాబితాలు గ్రంథం పేరు చుట్టూ, కర్త పేరు చుట్టూ అల్లి ఉంటాయి. చివరి ఆకులో ‘ఫలానా ఆమె రాయించి ఇచ్చింది’ అన్న రెండు వాక్యాలు పండితుడికి కాలనిర్ణయానికి పనికొచ్చే ఆధారం మాత్రమే. ఆ రెండు వాక్యాల్లోంచి ఒక మనిషిని లేపి నిలబెట్టడం ఎవరి పని? అది స్త్రీవాద విమర్శ పని అనుకుంటాను. మనం ఇన్నాళ్లూ రచయిత్రుల కోసం వెతికాం. అది చాలా అవసరమైన పని. ముద్దుపళని రాధికా సాంత్వనాన్ని 1910లో అచ్చువేయించిన బెంగుళూరు నాగరత్నమ్మని తలుచుకోకుండా ఆ వెతుకులాట గురించి మాట్లాడలేం. నాగరత్నమ్మ అత్తిమబ్బె పనే చేసింది. ఒక పుస్తకం పోకూడదని నిర్ణయించుకుంది. రాసిన స్త్రీల జాబితా పక్కనే ఈ రాయించిన స్త్రీల జాబితా కూడా మనం తయారుచేసుకోవాలి.

మా అమ్మమ్మ దగ్గర పాటల పుస్తకం ఒకటుండేది. బడి మొహం రెండేళ్లు కూడా చూడని మనిషి. మంగళహారతులు, పెళ్లిపాటలు, ఊర్మిళాదేవి నిద్ర, లాలిపాటలు వంకర టింకర అక్షరాలతో రాసుకుంది. మా అమ్మకి పెళ్లి కుదిరినప్పుడు ఆ పుస్తకాన్ని పక్కన పెట్టుకుని మధ్యాహ్నాలు కూచుని కొత్త నోటుపుస్తకంలోకి మొత్తం ఎక్కించింది. ఎక్కిస్తూ కొన్ని చరణాలు మార్చింది, అత్తింటి ఆరళ్ల పాట ఒకటి వదిలేసింది. ఎందుకు వదిలావమ్మా అని మా అమ్మ అడిగితే, ‘కొత్త కోడలి పెట్టెలో ఆ పాట దొరికితే బాగుండదే’ అందట. ప్రతి ఎక్కించడమంటే ఇదే. ఏది ఉండాలి, ఏది ఎవరి కంట పడకూడదు అని ప్రతి అక్షరం దగ్గరా ఆలోచించడం. మా అమ్మ నోటుపుస్తకం నా దగ్గరుంది. అమ్మమ్మది పాత పేపర్ల బరువులో కలిసిపోయింది. ఆ వదిలేసిన పాట ఇప్పుడు ఎక్కడా లేదు.

ఇప్పుడు రాతప్రతుల మీద ప్రభుత్వాలకి శ్రద్ధ పెరిగింది. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ వచ్చింది. 2025 బడ్జెట్‌లో జ్ఞాన భారతం పేరుతో కోటికి పైగా రాతప్రతులకి జాబితాలు, సంరక్షణ అని ప్రకటించారు. సంతోషమే. ఫొటో తీసిన ఆకుకి చెద పట్టదు. కాని ఫొటో తీసేవాడు ఆకుని చదవనక్కర్లేదు. అత్తిమబ్బె రాయించిన వెయ్యి ప్రతుల్లో ప్రతి అక్షరాన్నీ ఎవరో ఒకరు చదివితేనే రాయగలిగారు. ఇవాళ పాత తెలుగు–కన్నడ లిపి చదవగలిగే పిల్లలు ఎంతమంది? ప్రాకృతం చెప్పే తెలుగు శాఖలు ఎన్ని? తెలుగు ఎమ్మే సీట్లే నిండని కాలంలో ఈ మాట అడగడానికి బిడియంగానే ఉంటుంది. అయినా అడగాలి. చదివే మనిషి లేకుండా భద్రంగా ఉన్న పుస్తకానికీ, మూడబిదిరెలో దర్శనానికి మాత్రమే ఉంచిన కట్టకీ పెద్ద తేడా లేదు.

అందుకని పరిశోధన చేస్తున్న అమ్మాయిలకి నేనొక్కటే చెప్తున్నాను. రాతప్రతి చేతికొస్తే చివరి ఆకు ముందు తిప్పండి. ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఎవరు డబ్బిచ్చారు, ఏ నోముకి, ఏ చావు తర్వాత? దొరికిన పేరునల్లా రాసిపెట్టుకోండి. ఊళ్లో ముసలమ్మల దగ్గర పాటల పుస్తకాలుంటే ఫొటో తీసుకోవడంతో ఊరుకోకుండా, ఆమె పక్కన కూచుని, ఆమె చదువుతుంటే మీరు రాయండి. ఏ పాట ఎందుకు వదిలేసిందో కూడా అడిగి రాయండి.